మూడు వెలివేతలు: శివసాగర్ కవిత్వంలో జ్ఞాపకం, అధికారం

తెలుగులో ప్రవాసమనగానే సముద్రాలు దాటిన జీవితమే స్ఫురిస్తుంది. మాతృభాష వినబడే నేలమీదనే ఊరికీ ఇంటికీ సొంత పేరుకూ దూరమై బతకడాన్ని మన రాజకీయ పరిభాష ‘అజ్ఞాతం’ అంటుంది. పాండవుల అజ్ఞాతవాసానికి ఏడాది గడువుంది. గడువు తీరాక రాజ్యం అడిగే హక్కూ ఉంది. శివసాగర్ అజ్ఞాతానికి ఈ రెండూ లేవు.

నూజివీడు మామిడితోటలకు పేరుపడిన ఉమ్మడి కృష్ణాజిల్లాలోనే, గంగవరంలో, 1931లో దళిత కుటుంబంలో పుట్టిన కె.జి. సత్యమూర్తి ‘శివసాగర్’ అయ్యారు. 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ పార్టీని స్థాపించారు. ఆ పార్టీలో కుల ప్రశ్నను లేవనెత్తి, దాని నుంచే బహిష్కృతులయ్యారు. రాజ్యం తరిమినది ఒక వెలి, సహచరులు వేసినది మరొకటి. ఈ రెంటికన్నా పాతది పుట్టుకతోనే వచ్చిన వెలివాడ. ఆయన కవిత్వంలో మాత్రం అది అన్నిటికన్నా ఆలస్యంగా మాటాడింది.

‘ఉద్యమం నెలబాలుడు’ (1983) కాలపు కవిత్వంలో జ్ఞాపకం అమరులది. మరణం అక్కడ పాటగా మారుతుంది. దుఃఖానికి విడిగా నిలిచే చోటుండదు. కొన్నిచోట్ల అడవీ వెన్నెలా మరీ అలవాటైన అలంకారాలైపోయాయనక తప్పదు. నెలబాలుడు పెరుగుతాడు, తరుగుతాడు కూడా. ఆనాటి కవి పెరుగుదలనే చూశారు.

‘నడుస్తున్న చరిత్ర’లో దృష్టి మారింది. శంబూకుడు రాముణ్ణి వధిస్తాడు, ఏకలవ్యుడు ద్రోణుని బొటనవేలు తెంచుతాడు. ఇది కేవలం పాత్రల తారుమారేనంటే, అధికారం రూపం చెడకుండా చేతులు మాత్రమే మారాయన్న ఆక్షేపణకు జవాబుండదు. కవిత దానికి లొంగకపోవడానికి రెండు కారణాలు. మొదటిది క్రియల కాలం: పురాణం భూతకాలాన్ని విడిచి ఇప్పుడే, మన ఎదుటే జరుగుతుంది. రెండవది శంబూకుని పెదవులమీది చిరునవ్వు. పగలో ఉండవలసిన ఉద్రేకం అందులో లేదు. ఎంతోకాలంగా తెలిసిన సంగతిని ఇప్పుడు పైకి చెబుతున్న నెమ్మది ఉంది. కారంచేడు (1985), చుండూరు (1991) మారణకాండల తరువాతి పాఠకుడు ఆ నవ్వును అలంకారంగా చదవలేడు. ఈ దశను రాజకీయ పతనంగానో, పాత శివసాగర్‌కు అనుబంధంగానో చూసే విమర్శ, ఎవరిని స్మరించాలో నిర్ణయించే అధికారం ఉద్యమానికీ ఉంటుందన్న విషయాన్ని దాటవేస్తుంది.

సత్యమూర్తి 2012 ఏప్రిల్ 17న మరణించారు. ఆయన చెప్పగా విని, న్యూయార్క్‌లో స్థిరపడిన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ వెలువరించారు. కవితల్లో పెద్దగా కనిపించని ఇల్లు అందులో ఉంది. అన్న ఉద్యమంలో ఉన్న ఏళ్లలో చెల్లెలు మోసిన చాకిరీ, ఉద్యోగం, అవమానం ఉన్నాయి. శివసాగర్ ప్రసిద్ధ గేయానికి పేరు ‘చెల్లీ చెంద్రమ్మా’. ఆ పిలుపు పక్కన ఈ పుస్తకాన్ని పెట్టి చదివే పని తెలుగు విమర్శ ఇంకా చేయవలసి ఉంది.