పంటిపై మోపిన నేరము

నోరు మంచిదైతే ఊరు మంచిదని తెలుగువారి సామెత. అది మాటతీరును గూర్చి పుట్టినది. కాని ఇరువదవ శతాబ్ది తొలి భాగమున పాశ్చాత్య వైద్యులనేకులు ఇటువంటి మాటనే దంతముల విషయమున అక్షరాల నమ్మిరి. పండ్లు, చిగుళ్ళు శుభ్రపడినచో కీళ్లవాతము, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి, తుదకు మతిభ్రమణము సైతము నయమగునని వారు బోధించిరి. దీనికి సంక్రమణ కేంద్ర సిద్ధాంతమని పేరు పెట్టవచ్చును. శరీరములో ఒకచోట దాగియున్న చీముగడ్డ నుండి సూక్ష్మజీవులో, వాటి విషములో రక్తము ద్వారా ప్రయాణించి దూరమున నున్న అవయవములను చెరచునని దీని సారాంశము.

ఈ సిద్ధాంతము గాలిలో పుట్టినది కాదు. బెర్లినులో పనిచేసిన అమెరికను దంతశాస్త్రజ్ఞుడు విలోబీ మిల్లరు నోటిలోని సూక్ష్మజీవులను పరిశోధించి, 1891 లో మానవుని నోరు సంక్రమణమునకు కేంద్రము కాగలదని వ్రాసెను. 1910 లో ఆంగ్ల వైద్యుడు విలియం హంటరు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఉపన్యసించుచు, బంగారపు తొడుగుల క్రింద చీమును కప్పిపెట్టుచున్న ఆనాటి దంతవైద్యమును తీవ్రముగా ఖండించెను. ఆ ఖండనలో న్యాయమున్నది. నోటిని శరీరములోని భాగముగా చూడవలెనని ఆయన వైద్యులకు గుర్తుచేసెను. ఆ మేలును మరువరాదు.

అయితే ‘కాగలదు’ అన్న మాట కొద్ది సంవత్సరములలోనే ‘అగును’ అన్న మాటగా మారిపోయెను. ఎడ్వర్డు రోజినో రోగుల నుండి తీసిన సూక్ష్మజీవులను జంతువులలోనికి ఎక్కించెను. వెస్టన్ ప్రైస్ రోగుల పండ్లను కుందేళ్ల చర్మము క్రింద అమర్చెను. ఆ జంతువులు జబ్బుపడుటయే సిద్ధాంతమునకు రుజువని వారు తలచిరి. కాని ఎక్కించిన సూక్ష్మజీవుల రాశి మిక్కిలి పెద్దది. పంటిని ఊడబెరుకునప్పుడు చిగుళ్ల మీది క్రిములు కూడ దానికి అంటుకొనును. అంతటి మోతాదును చిన్న జంతువు భరింపలేకపోయినంత మాత్రమున, మనుష్యుని నోటిలోనున్న పన్నే అతని కీళ్లనొప్పికి కారణమని తేలదు.

ఈ తర్కము ఎంత దూరము పోగలదో అమెరికాలోని ట్రెంటన్ మానసిక వైద్యశాల చూపినది. 1907 లో దానికి అధిపతియైన హెన్రీ కాటన్, ఉన్మాదమునకు మూలము దాగియున్న చీమేనని నమ్మెను. మొదట పండ్లు, పిమ్మట టాన్సిళ్లు, అటుపైని పెద్దప్రేగు భాగములు తీయించెను. తన చికిత్సవలన 100 మందిలో సుమారు 85 మంది బాగుపడిరని చెప్పుకొనెను. ప్రేగుల శస్త్రచికిత్స పొందినవారిలో 100 కి సుమారు 30 మంది మరణించినట్లు ఆయనయే ఒప్పుకొనెను. 1924 లో విచారణకు నియోగింపబడిన ఫిలిస్ గ్రీనేకర్ అనే వైద్యురాలు రోగుల రికార్డులను పరిశీలింపగా, చెప్పుకొన్న విజయము అందులో కనబడలేదు. ఆమె నివేదిక మాత్రము ప్రకటింపబడలేదు. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లైన ఈ చికిత్సలో నష్టపోయినవారు, తమ పక్షమున మాటాడలేని రోగులు.

ఈ సిద్ధాంతములో దొర్లిన దోషములు మూడు. మొదటిది కాకతాళీయము. కాకి వ్రాలినది, తాటిపండు రాలినది; అంతమాత్రమున కాకియే పండును పడగొట్టెననరాదు. పెద్దవారి నోట పుచ్చిపన్నో, చిగుళ్లవాపో ఉండుట మిక్కిలి సామాన్యము. ఏ రోగిని పరీక్షించినను అది కనబడును గనుక, ఏ రోగమునకైనను అదే కారణమని చెప్పవచ్చును. రెండవది, పోలిక లేకపోవుట. కీళ్లనొప్పులు వాటంతట అవియే తగ్గుచు, హెచ్చుచుండును. పన్ను తీసిన పిదప తగ్గినవారిని లెక్కించి, తీయకయే తగ్గినవారిని లెక్కింపకుండుట శాస్త్రపద్ధతి కాదు. మూడవది మరింత ప్రమాదకరమైనది. పన్ను తీసినను రోగము తగ్గనిచో, సిద్ధాంతము తప్పనుటకు బదులు, మరియొక చీముగడ్డ ఎక్కడనో దాగియున్నదనిరి. ఏ ఫలితము వచ్చినను ఓడిపోని సిద్ధాంతము పరీక్షకు నిలిచినది కాదు, పరీక్షను తప్పించుకొన్నది.

1938 లో రస్సెల్ సెసిల్, ఏంజివైన్ అను వైద్యులు 200 మంది కీళ్లవాత రోగుల చరిత్రలను పరిశీలించి, పండ్లు, టాన్సిళ్లు తీయించుకొన్నవారిలో అత్యధికులకు మేలు కలుగలేదని తెలిపిరి. సెసిల్ అంతకుముందు ఈ సిద్ధాంతమును సమర్థించినవాడే. తన నమ్మకమును తానే లెక్కలతో సరిచూచి విడిచిపెట్టుట ఆయన గొప్పతనము. తరువాతి దశాబ్దములలో ఈ సిద్ధాంతము వెనుకబడిపోయెను.

కాని ఒక తప్పును దిద్దబోయి మరియొక తప్పు చేయరాదు. నోటికిని దేహమునకును సంబంధమే లేదనుట కూడ అసత్యమే. పన్ను ఊడదీసినప్పుడు సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించునని 1935 లో ఓకెల్, ఇలియట్ అనువారు చూపిరి. ఆరోగ్యవంతులలో అవి త్వరలోనే నశించును. గుండె కవాటములు పాడైనవారిలోను, కృత్రిమ కవాటములున్నవారిలోను కొన్నిమార్లు అవి అక్కడ నిలిచి ఎండోకార్డైటిస్ అను ప్రాణాపాయకరమైన వ్యాధిని కలిగించును. అందువలననే అట్టివారిలో ముప్పు మిక్కిలి హెచ్చుగా నున్న కొందరికి కొన్ని దంతచికిత్సలకు ముందు యాంటీబయాటిక్ మందు ఇత్తురు.

మధుమేహముతో సంబంధము రెండువైపుల నడచును. రక్తములో చక్కెర అదుపులో లేనివారికి చిగుళ్లవ్యాధి హెచ్చుగా, తీవ్రముగా వచ్చును. చిగుళ్లలోని దీర్ఘకాలపు వాపు ఇన్సులిను పనికి అడ్డుతగులవచ్చును. 2022 లో ప్రకటితమైన కోక్రేన్ సమీక్ష 35 పరిశోధనలను క్రోడీకరించి, చిగుళ్లకు చికిత్స చేసినచో మూడు నాలుగు నెలలకు గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ సగటున 0.43 శాతము తగ్గునని తేల్చినది. ఇది అద్భుతము కాదు, అల్పమును కాదు.

గుండెపోటు సంగతి వేరు. 1989 లో ఫిన్లండులో మట్టిలా మొదలగువారు గుండెపోటు వచ్చిన 100 మందిని, రాని 102 మందితో పోల్చగా, మొదటివారి దంతారోగ్యము హీనముగా నుండెను. పొగత్రాగుట వంటి ఇతర కారణములను లెక్కలోనికి తీసుకొన్నను ఆ భేదము నిలిచెను. అయినను సాహచర్యము కారణత్వము కాదు. చిగుళ్లకు చికిత్స చేసినంత మాత్రమున గుండెజబ్బు నివారణమగునని రుజువు లేదని 2012 లో అమెరికను హార్ట్ అసోసియేషన్ ప్రకటించినది. గర్భిణుల విషయములోను ఇట్లే జరిగినది. చిగుళ్లవ్యాధి గలవారికి నెలలు నిండని కాన్పులు హెచ్చని కొన్ని పరిశీలనలు చెప్పగా, 2006 లో 823 మంది గర్భిణులపై ఫలితములు ప్రకటింపబడినవి. గర్భకాలమున చికిత్స పొందినవారిలో అట్టి కాన్పులు 12.0 శాతము, కాన్పు తరువాత చికిత్స పొందినవారిలో 12.8 శాతము. భేదము లేనట్లే. చికిత్సవలన చిగుళ్లు మాత్రము బాగుపడినవి.

ఈ చరిత్ర ఉన్నత పాఠశాలలలో బోధింపదగినది. విద్యార్థి ‘దానితో కూడ కనబడినది’ అను వాక్యమునకును, ‘దానివలన కలిగినది’ అను వాక్యమునకును నడుమ నున్న దూరమును ఇందు చూడగలడు. హంటరు మొదటి వాక్యమును సరిగా చూచెను, కాటన్ రెండవ వాక్యమును తొందరపడి పలికెను. ఆ తొందరకు వేలకొలది మనుష్యులు ఆరోగ్యమైన పండ్లను పోగొట్టుకొనిరి, కొందరు ప్రాణములనే పోగొట్టుకొనిరి. ఒక పళ్లపొడి గుండెను కాపాడునని ప్రకటన కనబడినప్పుడు, పోల్చి చూచినది ఎవరితో అని అడుగగలిగిన విద్యార్థి ఈ పాఠమును నేర్చినట్లే. పండ్లు తోముకొనుటకు గుండెపోటు భయము అవసరము లేదు. నమలుటకు పండ్లు, నొప్పిలేని నోరు కావలెననుటయే చాలినంత కారణము.