ముసుగు తీసిన తర్వాత

ద్వేషాన్ని ప్రచారం చేసే సంఘాల కంప్యూటర్లలోకి చొరబడి వాటి రహస్యాలను బయటపెట్టటానికి హ్యాక్టివిజం అని పేరు. దీనిపట్ల మన విద్యార్థుల అభిమానం దాదాపు భక్తిదాకా పోయింది. దొనకొండలో రైలెక్కి మార్కాపురం కాలేజీకి వచ్చే కుర్రవాడి సెల్‌ఫోను మీద కూడా అనానిమస్ వారి నవ్వే ముసుగు కనిపిస్తుంది. (ఆ ముసుగు ఒక హాలీవుడ్ సినిమా ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అమ్ముడుపోయే ముసుగుల మీద ఆ సినిమా కంపెనీకి రాయల్టీ ముట్టేది! తిరుగుబాటును కూడా సరుకు చెయ్యటంలో పెట్టుబడికి ఉన్న నేర్పు అలాంటిది.) భక్తి ఉన్నచోట విమర్శ నిలవదు గనక ఈ విషయాన్ని కొంచెం తరచి చూడటం అవసరమనుకుంటాను.

దుర్మార్గుడి ముసుగు లాగటం మంచిపనే. అమెరికాలో 1865లో పుట్టిన కూ క్లక్స్ క్లాన్ ముసుగుచాటునే నల్లజాతివారిని హింసించింది. 1940లలో స్టెట్సన్ కెనెడీ అనే రచయిత మారుపేరుతో దానిలో చేరి గుట్టు లాగాడు. 1946లో సూపర్‌మాన్ రేడియో నాటకం ఆ ముసుగువాళ్లను దుష్టపాత్రలుగా పెట్టి దేశంలోని పిల్లలందరికీ వినిపించింది. కెనెడీ తన అనుభవాలను 1954లో పుస్తకంగా అచ్చువేశాడు. అందులో తన సాహసాలుగా చెప్పినవి కొన్ని నిజానికి మరొక వ్యక్తి చేసినవని 2006లో లోకానికి వెల్లడైంది. పనిచేసినవారు ఒకరికంటే ఎక్కువమంది. కథలో మిగిలినవాడు ఒకే ఒక కథానాయకుడు. గుట్టు బయటపెట్టే సాహిత్యానికంతటికీ ఉన్న జబ్బే ఇది. డిటెక్టివు నవలలు చదివి పెరిగిన మనకు ఈ కథానాయకుడు బాగా పరిచయస్తుడు.

ఆ కథానాయకుడి తొందరపాటు ఎక్కడికి దారితీస్తుందో 2015 నవంబరులో తేలింది. అనానిమస్ వారు క్లాన్ సభ్యుల పేర్లు ప్రకటిస్తామని ముందే చాటారు. వారు ప్రకటించకముందే ఎవరో అజ్ఞాతవ్యక్తి ఒక జాబితా వదిలాడు. అందులో కొందరు సెనేటర్లూ, మేయర్లూ ఉన్నారు. వారు ఖండించారు, ఆ జాబితా తమది కాదని అనానిమస్ వారే చెప్పుకోవలసివచ్చింది. నవంబరు 5న వచ్చిన అసలు జాబితాలో సుమారు 350 పేర్లున్నాయి. అవి చాలావరకు బహిరంగంగా దొరికే సమాచారాన్ని ఓపికగా పోగుచేసి, మనుషులతో మాట్లాడి రాబట్టినవి! అంటే అక్కడ ఉపయోగపడినది దొంగతాళం చెవి కంటే పత్రికావిలేకరి చేసే చాకిరీ. ఇంతకూ ఆ జాబితా అబద్ధమైనప్పుడు ఎవరిని నిలదియ్యాలి? ఆరోపించినవాడికి కూడా ముసుగే ఉన్నదాయె.

2021 సెప్టెంబరులో తీవ్రవాద మితవాదులకు ఆశ్రయమిచ్చే ఎపిక్ కంపెనీ సమాచారం బయటపడ్డప్పుడు, దానితో ఏ సంబంధమూ లేని లక్షలమంది చిరునామాలు కూడా అందులో పోయాయి. అదే సంవత్సరం మొదట్లో గాబ్ వేదిక నుంచి తీసిన 70 గిగాబైట్ల సమాచారాన్ని మాత్రం బజారున పడెయ్యక పాత్రికేయులకూ, పరిశోధకులకూ అప్పగించారు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి పొగడటం నాకు సమ్మతం కాదు.

ఇక మన దేశానికి వద్దాం. 2022 జనవరి 1న బుల్లీ బాయి అనే పేరుతో ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి వేలంవేశారు. వారిలో హైదరాబాదుకు చెందిన ఒక వృద్ధ సామాజిక కార్యకర్త కూడా ఉన్నారు. అంతకుముందు 2021 జులైలో ఇలాంటిదే జరిగితే కేసులు నమోదయ్యాయి గాని, ఆరు నెలలు ఒక్క అరెస్టూ లేదు. చట్టం ఇలా నిద్రపోయేచోట హ్యాకరు వీరుడుగా కనిపించటంలో ఆశ్చర్యం లేదు. కాని బుల్లీ బాయి నిందితులు సిక్కుల పేర్లు తగిలించుకుని ఖాతాలు నడిపారని ముంబాయి పోలీసులు చెప్పారు. ఆ మొదటివారంలో ఏ తొందర హ్యాకరైనా జాబితా ప్రకటించి ఉంటే, నేరం సిక్కుల నెత్తిన పడేది.

తీరా పట్టుబడ్డవారు ఎవరు? ఎక్కువమంది పద్ధెనిమిది నుంచి ఇరవైయొక్క ఏళ్ల పిల్లలు. వారిలో ఇంజనీరింగు విద్యార్థులూ ఉన్నారు. ఉపాధ్యాయులుగా మనల్ని కలవరపెట్టవలసిన సంగతి ఇది. వారికి కంప్యూటరు విద్య నేర్పిన కళాశాలలున్నాయి; స్త్రీని వేలం వెయ్యటం వేడుక అని నేర్పిన వేదికలూ ఉన్నాయి. రెండో బడి రాత్రంతా తెరిచి ఉంటుంది, ఫీజు లేదు. హ్యాకరు ఆ బడి తలుపులు ఒకరోజు మూయించగలడు. మర్నాడు మరో పేరుతో తెరుస్తారు. మన విద్యార్థి అదే పనికి పూనుకుంటే ఐ.టి. చట్టం 66వ సెక్షను కింద మూడేళ్లదాకా జైలు. ద్వేషసంఘాలకు ఉన్న వకీళ్లూ, నిధులూ అతనికి ఉండవు.

బుల్లీ బాయి వ్యవహారాన్ని కదిలించినది చొరబాటు కాదు. తన ఫోటో చూసుకున్న ఒక పాత్రికేయురాలు దిల్లీ పోలీసులకు తన పేరుతోనే ఫిర్యాదు రాసి, దాన్ని అందరూ చదివేలా ప్రకటించింది. మరికొందరు స్త్రీలు కూడా అలాగే పేర్లు చెప్పి, ముఖాలు చూపి మాట్లాడారు. జనవరి మొదటివారం ముగిసేలోగా అరెస్టులు మొదలయ్యాయి.