ఎండాకాలం పుస్తకం పిల్లలే ఏరుకోవాలి

కొత్తగూడలో ఏప్రిల్ చివరి వారమంటే తునికాకు కాలం. తెల్లవారుజామునే పెద్దలు అడవికి పోతారు, వాళ్ల వెనకే పిల్లలూ పోతారు. పొద్దెక్కేసరికి ఆకు ఇంటికొస్తుంది. యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పగిస్తారు. ఆశ్రమ పాఠశాలలు ఖాళీ అయ్యేదీ అప్పుడే. 2025లో తెలంగాణ బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చారు. అంటే ఏడు వారాలు.

ఆ ఏడు వారాలూ బడి పుస్తకాలు చాలాచోట్ల బీరువాలోనే ఉండిపోతాయి. స్టాక్ రిజిస్టర్‌లో లెక్క తగ్గితే జవాబు చెప్పాల్సింది సారే కాబట్టి ఆయన భయం అర్థం చేసుకోదగిందే. కానీ ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు 5 సూత్రాలు రాసినప్పుడు, పుస్తకం ఉన్నది వాడుకోవడానికే అన్న మాటను మొట్టమొదట పెట్టారు. ఎవరికి కావలసిన పుస్తకం వాళ్లకు అందాలన్నది రెండోది. ఏజెన్సీ పల్లెలో ఇంట్లో వేరే పుస్తకం లేని పిల్లకు ఈ రెండూ అక్షరాలా వర్తిస్తాయి.

కొందరు టీచర్లు శ్రద్ధగా జాబితా రాసిస్తారు. నీతికథలు, నాయకుల జీవితచరిత్రలు చదివి, జూన్‌లో సారాంశం రాసుకురమ్మంటారు. ఉద్దేశం మంచిదే. అయితే సారాంశం అడిగిన క్షణాన ఆ పుస్తకం హోంవర్కు అయిపోతుంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్ ఫ్రాన్జెన్ మరో దారి పట్టారు. పేద కుటుంబాల పిల్లల ముందు రకరకాల పుస్తకాలు పెట్టి, ఏటా వేసవికి 12 చొప్పున వాళ్లనే ఏరుకోమన్నారు. వరుసగా మూడు వేసవులు అలాగే ఇచ్చారు. పిల్లలు పాటగాళ్ల గురించి, టీవీ పాత్రల గురించి రాసిన పుస్తకాల మీద పడ్డారు. పెద్దలు మెచ్చే సాహిత్యం కాదది. అయినా 2010లో అచ్చయిన ఫలితాల ప్రకారం, పుస్తకాలు అందుకున్న పిల్లలు అందని వాళ్లకంటే చదవడంలో ముందున్నారు. వేసవి తరగతులు నడిపితే వచ్చేంత మేలు ఇంటికిచ్చిన పుస్తకాలతోనే జరిగింది.

తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 1947 జూలైలో మొదలైన చందమామను ఎవరూ సిలబస్‌లో పెట్టలేదు, పరీక్షా పెట్టలేదు. భేతాళుడి కథ కోసమే పిల్లలు దాన్ని లాక్కుని చదివారు.

ఏరుకోవాలంటే ముందు కుప్పలో రకాలుండాలి. బొమ్మల కథలు, జంతువులు, క్రికెట్, పొడుపుకథలు, సైన్సు ప్రయోగాలు అన్నీ కావాలి. ఇంట్లో కోయ, లంబాడీ భాషలు మాట్లాడే పిల్లలున్న చోట ఆ భాషల పుస్తకాలూ ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన మాతృభాషా విద్యా కార్యక్రమం ఆ రెండూ సహా 8 గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు తెచ్చింది. వాచకాలతో ఆగకూడదు. సమ్మక్క సారలమ్మల కథ అచ్చులో కనబడితే కొత్తగూడ పిల్ల దాన్ని పక్కన పెడుతుందా?

ఏరుకోవడమూ నేర్చుకోవాల్సిన పనే. అట్ట చూడాలి, నాలుగు పేజీలు తిప్పాలి, మధ్యలో ఒక పేజీ చదివి చూడాలి. నచ్చకపోతే వదిలేయొచ్చని పెద్దలు ముందే చెప్పాలి. ఆరో తరగతి అబ్బాయి రెండో తరగతి బొమ్మల పుస్తకం తీసుకుంటే నవ్వకూడదు. చదివిందే మళ్లీ చదువుతుంటే ఆపకూడదు. తప్పు పుస్తకం పట్టుకున్న పిల్లవాడు రెండోసారి ఇంకాస్త జాగ్రత్తగా ఎంచుకుంటాడు. ఆ అవకాశం జాబితా ఇవ్వదు.

అందుకే హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. ఏప్రిల్ మూడో వారంలో ఒక పూట బీరువా ఖాళీ చేసి పుస్తకాలన్నీ వరండాలో పరవండి. ఒక్కొక్కరినీ అయిదారు తీసుకోనివ్వండి, పేరు రాసుకుని పంపండి. జూన్ 12న కొన్ని చిరిగి వస్తాయి, కొన్ని అసలు రావు. ఆ నష్టం సారు మెడకు చుట్టుకోకుండా చూసే బాధ్యత విద్యాశాఖ అధికారులు తీసుకోవాలి.