బ్రౌన్ దొర రహదారి

శంషాబాద్‌లో ఎవరినైనా దారి అడిగి చూడండి. బెంగళూరు రోడ్డు అంటారు, అవుటర్ అంటారు, పెద్దవాళ్లయితే తొవ్వ అనో సడక్ అనో అంటారు. రహదారి అనేవాళ్లు అరుదు. అది సర్కారు కాగితాల్లోనూ, మా పత్రికల్లోనూ బతుకుతున్న మాట. వినగానే అందులో ఉన్నది మన దారే అనిపిస్తుంది. కాదు.

రాహ్ అంటే పారశీకంలో బాట. జమీందారు, తహసీల్దారు మాటల చివర ఉన్న 'దార్' ఇక్కడా ఉంది. రాహ్‌దార్ బాటకు కాపలావాడు. దాటనిచ్చినందుకు వసూలు చేసే సుంకం రాహ్‌దారీ. మొగలుల కాలంలో సరుకు బండి కదిలితే చౌకీ దగ్గర ఇది కట్టాల్సిందే. ఔరంగజేబు గద్దెనెక్కిన కొత్తలో దీన్ని ఎత్తేశాడు. ఫర్మానా వచ్చినా వసూళ్లు ఆగలేదని చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాసిపెట్టాడు. ఆగుతాయా మరి!

తెలుగులో అది కాగితమైంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు రహదారికి చెప్పిన అర్థం పాస్‌పోర్టు. తర్వాత కాగితమూ పోయి రోడ్డే మిగిలింది. చివర వినిపించే 'దారి'ని మనవాళ్లు సొంతం చేసుకోవడమే కారణమని నా ఊహ. ఉర్దూలో ఈ మాట వేరే మలుపు తిరిగింది: 2019లో తెరిచిన కర్తార్‌పూర్ కారిడార్ పాకిస్తాన్‌వాళ్లకు కర్తార్‌పూర్ రాహ్‌దారీ.

శంషాబాద్‌లో ఆ పాత అర్థాలు రెండూ ఇంకా చలామణిలోనే ఉన్నాయి. 2008లో విమానాశ్రయం వచ్చింది, అదే ఏడాది గచ్చిబౌలి నుంచి ఇక్కడిదాకా అవుటర్ రింగ్ రోడ్డు తొలి భాగం తెరుచుకుంది. 158 కిలోమీటర్ల ఆ రింగు మీద టోల్ వసూలు హక్కును 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు లీజుకిచ్చారు. ఫాస్టాగ్ చదివి గేటు లేచిందంటే రాహ్‌దారీ కట్టేసినట్టే. విదేశానికి వెళ్తూ టెర్మినల్ గుమ్మం దగ్గర జవానుకు చూపించేది బ్రౌన్ దొర చెప్పిన రహదారి.

మా డెస్కులో ఈ మాటలకు అంతస్తులున్నాయి. మంత్రిగారు ప్రారంభిస్తే రహదారి. గుంతలు పడితే రోడ్డు. జనం అడ్డంగా కూర్చుంటే రాస్తారోకో. లారీ బోల్తా పడితే 'జాతీయ రహదారిపై రోడ్డు ప్రమాదం' అని ఒకే శీర్షికలో రెండూ. టోల్ పెరిగిన వార్తకు మాత్రం నేను పట్టుబట్టి రహదారి అనే వేయిస్తాను.