తుమ్మకొమ్మ మీది పనితనం

వానలు పట్టుకున్నాక గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్ల వెనక వైపు చూడాలి. ముందు వైపు రోడ్డు వెంట ఉన్నవి నాటిన చెట్లు. వెనక, మోరీ నీళ్లు పారే పల్లంలో ఎవరూ నాటకుండానే లేచిన నల్లతుమ్మ, ఈత, జమ్ము. గిజిగాడికి పనికొచ్చేది ఈ వెనక వైపే.

గూడు కట్టేది మగపక్షి. పిచ్చుకంతే ఉంటుంది; ఈ కాలంలో తలా రొమ్మూ పసుపెక్కి, ముఖం నల్లబడుతుంది. గడ్డాకు మీద వాలి అంచున ముక్కుతో గాటు పెడుతుంది. గాటు దగ్గర పట్టుకుని ఎగురుతుంది. ఎగిరే ఊపుకే ఆకు నిలువునా చీలి సన్నటి పోగు ఊడొస్తుంది, జానెడు నుంచి మూరెడు పైదాకా. వరి ఆకైనా, ఈతాకైనా ఇదే పద్ధతి. పోగు పచ్చిగా ఉన్నప్పుడే అల్లాలి, ఎండితే వంగదు. ఒక్క గూటికి అయిదొందల దాకా ట్రిప్పులు పడతాయి.

మొదటి ముడే కష్టం. కొమ్మ చివర ఊగుతుంటే పోగు ఒక కొస కాలితో తొక్కిపట్టి, రెండో కొసను ముక్కుతో చుట్టి, సందులోంచి దోపి, అవతలి నుంచి లాగుతుంది. ముడి నిలిచాక ఒక వలయం. ఆ వలయంలోనే నిలబడి, ముక్కు అందినంత మేర చుట్టూ అల్లుకుంటూ పోతుంది. గూటి కొలత దాని ఒళ్లే.

ఎనిమిది రోజులకు సగం గూడు తయారవుతుంది, బొగ్గుబాయి కార్మికుడి టోపీ బోర్లా వేలాడదీసినట్టు. లోపలి గోడకు తడిమట్టి పూస్తుంది. మిణుగురులను అంటించి దీపాలు పెట్టుకోవడానికేనని పెద్దలు చెప్పే కథ బాగానే ఉంది గాని, గాలికి గూడు మరీ ఊగకుండా బరువు కోసమన్న మాటే నాకు నమ్మబుద్ధవుతుంది.

ఇక్కడ పని ఆగుతుంది. ఆడపక్షి వచ్చి లోపల దూరి చూస్తుంది. మెచ్చితేనే గుడ్ల గది, కిందికి దిగే పొడుగు గొట్టం పూర్తవుతాయి. నచ్చకపోతే చాలా గూళ్లు సగంలోనే మిగిలిపోతాయి. ఒప్పుకున్నాక మగపక్షి ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షిని పిలుస్తుందని 1930లో బొంబాయి దగ్గరి కిహింలో పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ గమనించాడు. జాషువా పద్యాలతో గిజిగాడిని మెచ్చుకోవడం నేర్చిన మనకు ఈ సంగతి కాస్త ఇబ్బందే.

అంతకన్నా ఇబ్బంది ఇంకోటుంది. ఆడపక్షి మొదట చూసేది అల్లిక నైపుణ్యం కాదట, గూడు ఎక్కడ కట్టిందన్నదట. మన దేశంలో జరిగిన పరిశోధనే చెప్పింది: ఎత్తున, సన్నటి కొమ్మకు ఉన్న గూటికే ఎక్కువ మొగ్గు. ముళ్లుండి, కింద నీళ్లుంటే పాముకూ పిల్లికీ దారి కష్టం. అంటే ఆ పనితనంలో సగం తుమ్మచెట్టుది.

ఆ తుమ్మ మీదే కాలనీలో ఫిర్యాదు. ముల్లు దిగి బండి టైరు పంక్చరవుతుంది. కొట్టేద్దామంటే, "జర ఆగుండ్రి, పిల్లలు ఎగిరినంక సూద్దాం" అనే పెద్దమనిషి ఒకరుంటారు. మంచి మాటే. కాని గిజిగాళ్లు ఏటా పాత చెట్టునే వెతుక్కుంటూ వస్తుంటాయి. పిల్లలు ఎగిరాక కొట్టినా, వచ్చే వానకు వాటికి చోటు పోయినట్టే.