బల్ల మిగిలింది, బుట్ట పోయింది: ఎప్కాట్ జర్మనీ మండపంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
థీమ్ పార్కులలోని 'దేశాల' నమూనాలను సాధారణంగా అసలు–నకలు అనే ద్వంద్వంతో అంచనా వేస్తారు. ఎప్కాట్ ఉద్యానంలోని జర్మనీ మండపం, అందులోని బీర్‌గార్టెన్ భోజనశాల ఆధారంగా ఆ ద్వంద్వపు పరిమితిని ఈ వ్యాసం చర్చిస్తుంది. నమూనా ఎంత పోలి ఉన్నదన్న దానికంటే, అది ఏ సామాజిక సంబంధాన్ని నిలిపింది, దేనిని తొలగించింది అన్నదే విమర్శకు సరైన ప్రమాణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎప్కాట్, బీర్‌గార్టెన్, బవేరియా, అతివాస్తవికత, పర్యాటకం, ఉమ్మడి భోజనం

1. ప్రవేశిక:
ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్లాండో సమీపాన డిస్నీ సంస్థ 1982 అక్టోబరు 1న ఎప్కాట్‌ను ప్రారంభించింది. కృత్రిమ సరస్సు చుట్టూ దేశాల మండపాలను నిలిపిన 'వరల్డ్ షోకేస్' అందులో ఒక విభాగం. తొలినాటి తొమ్మిది మండపాలలో జర్మనీ ఒకటి.

ఇటువంటి స్థలాల అధ్యయనంలో మూడు భావనలు తరచుగా ప్రస్తావనకు వస్తాయి. డీన్ మెక్‌కానెల్ 1973లో పర్యాటకుని కోసం రంగస్థలంపై ఏర్పాటు చేసిన ప్రామాణికతను గురించి చర్చించాడు. ఉంబెర్తో ఎకో 1975 నాటి వ్యాసంలో అమెరికాలోని మైనపు బొమ్మల ప్రదర్శనశాలలను, డిస్నీలాండ్‌ను 'అతివాస్తవికత' దృష్టితో పరిశీలించాడు. బౌద్రియా 1981లో మరొక అడుగు వేసి, డిస్నీలాండ్ కల్పితంగా కనిపించడం వల్లనే దాని వెలుపలి అమెరికా వాస్తవమని భ్రమ కలుగుతుందని వాదించాడు. ఈ మూడూ విలువైనవే. అయితే వీటిని యాంత్రికంగా అన్వయిస్తే ప్రతి మండపం గురించీ వచ్చే తీర్పు ఒక్కటే: 'ఇది నకలు'. ఆ తీర్పు నిజమే గాని, దానివల్ల తెలిసేది స్వల్పం.

2. కట్టడం – ఎంపిక, విస్మరణ:
మండపం నడుమ సెయింట్ జార్జ్ పేరుతో ఒక చౌకు ఉన్నది. డ్రాగన్‌ను వధిస్తున్న ఆ వీరుని విగ్రహం, కోట గోడలు, బొమ్మలు వెలికివచ్చే గంటల గడియారం దాని చుట్టూ అమరి ఉన్నాయి. అంగళ్లలో ఒకదానికి ఫ్రైబుర్గ్ నగరంలోని 16వ శతాబ్దపు 'కౌఫ్‌హౌస్' మాతృక. మూల భవనంపై హాప్స్‌బుర్గ్ వంశానికి చెందిన నాలుగు విగ్రహాలు ఉండగా, పార్కులోని చిన్న భవనంపై మూడింటికే చోటు దక్కింది. ఫ్రైబుర్గ్ భవనం వర్తకానికి, సుంకాల వసూలుకు ఉద్దేశించినది; పార్కులోనిది జ్ఞాపికల దుకాణం. రూపం కుదించుకుపోయినా వ్యాపారమనే ప్రయోజనం మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది.

ఇంతకంటే ముఖ్యమైనది కాలానికి సంబంధించిన విస్మరణ. 1982లో జర్మనీ రెండు రాజ్యాలు. బెర్లిన్ గోడ నిలిచే ఉన్నది. మండపంలో ఆ విభజన జాడ లేదు. 1989లో గోడ కూలింది. 1990 అక్టోబరు 3న దేశం ఏకమైంది. అందువల్ల మండపంలో మార్చవలసినదేదీ రాలేదు. చరిత్రను ముందే బయట నిలిపిన కట్టడాన్ని చరిత్ర మార్చలేదు. దేశమంతటికీ ప్రతినిధిగా నిలిచినది ప్రధానంగా దక్షిణాదిన ఉన్న బవేరియా వేడుక. ఓడరేవుల ఉత్తరాదికి గాని, గనులు, కర్మాగారాల రూర్ ప్రాంతానికి గాని ఆ స్థాయి లేదు.

3. వేషం – ఊరి పేరు:
మండపంలో పనిచేయడానికి జర్మనీ నుండి యువతీయువకులను సాంస్కృతిక ప్రతినిధులుగా పరిమిత కాలానికి రప్పించే ఏర్పాటు ఉన్నది. వారి ఛాతీపై ఉండే పేరుపట్టీ మీద స్వస్థలం కూడా కనిపిస్తుంది. దుస్తులు బవేరియా సంప్రదాయాన్ని చాటితే, పట్టీ ఒక వ్యక్తి అసలు ఊరిని చెబుతుంది. ఉత్తరాది నగరం నుండి వచ్చిన వ్యక్తి విషయంలో ఈ రెండూ పొసగవు. సందర్శకుడు ఆ ఊరి గురించి ఒక ప్రశ్న వేస్తే చాలు, మండపం దాచిన జర్మనీ మాటల్లోకి వస్తుంది. నకలు అనే తీర్పు ఈ అవకాశాన్ని గుర్తించలేదు.

4. భోజనశాల – బల్ల, బుట్ట:
బీర్‌గార్టెన్ చరిత్ర ఇక్కడ కీలకం. బవేరియాలో చలికాలంలో కాచిన బీరును వేసవి కోసం నేలమాళిగలలో నిలువచేసేవారు. నేల చల్లగా ఉండడానికి పైన చెస్ట్‌నట్ చెట్లు నాటేవారు. ఆ నీడలోనే బీరు అమ్మకం మొదలైంది. దీనిపై సత్రాల యజమానులు అభ్యంతరం తెలపగా, 1812లో రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ రాజీ మార్గం చూపాడు. బీరు కాచేవారు తమ మాళిగల వద్ద బీరు, రొట్టె అమ్మవచ్చు. ఇతర ఆహారం అమ్మరాదు. దానితో జనం ఇంటి నుండి బుట్టలో భోజనం తెచ్చుకోసాగారు. నిషేధం పోయినా అలవాటు హక్కుగా స్థిరపడింది. 1995లో ఒక తోటను త్వరగా మూయాలన్న ఆదేశానికి వ్యతిరేకంగా మ్యూనిక్‌లో వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. 1999 నాటి బవేరియా నిబంధనలు తోట స్వభావాన్ని, సొంత ఆహారం తెచ్చుకొనే వీలును బీర్‌గార్టెన్ లక్షణాలుగా పరిగణించాయి.

ఎప్కాట్ బీర్‌గార్టెన్ ఈ రెండు లక్షణాలకూ దూరం. అది కప్పు కింద ఉన్న శాల. పైన ఎప్పుడూ సాయంకాలమే. మధ్యాహ్నం లోపలికి వెళ్లినవారికీ సంజె ఆకాశమే కనిపిస్తుంది. ఒక ధర చెల్లిస్తే సాసేజ్‌లు, సవర్‌క్రౌట్ మొదలైనవి కావలసినంత వడ్డించుకొనే బఫే. వేదికపై ఊదుడు వాద్యాల బృందం. 1810లో యువరాజు లుడ్విగ్ వివాహ వేడుకగా మొదలై ఏటా శరదృతువులో కొద్ది రోజులే జరిగే అక్టోబర్‌ఫెస్ట్ ఇక్కడ నిత్యోత్సవం. మూల సంప్రదాయంలో పేదవాడు సైతం రొట్టె ముక్కతో ధనికుని పక్కన కూర్చోగలడు. ఇక్కడ ప్రవేశ రుసుము, భోజనపు ధర రెండూ చెల్లించినవాడే కూర్చోగలడు. అంటే పోయినది అలంకారం కాదు, హక్కు.

అయినా ఒకటి మిగిలింది. పొడవాటి బల్లల వద్ద పరిచయం లేని కుటుంబాలను పక్కపక్కనే కూర్చోబెట్టే పద్ధతి ఇక్కడ ఉన్నది. ఎవరి బల్ల వారిదన్నట్లుండే అమెరికా భోజనశాలల నడుమ ఇది చిన్న విషయం కాదు. గోడలు, గడియారం చేయలేని పనిని ఆ బల్ల కొంతవరకైనా చేస్తున్నది.

5. ముగింపు:
- జర్మనీ మండపంలోని ప్రధాన లోపం కృత్రిమత్వం కాదు; ఒక ప్రాంతపు వేడుకను దేశంగా, ఒక పౌర హక్కును వినియోగ వస్తువుగా మార్చడం.
- అదే స్థలంలో ఉమ్మడి బల్ల, పేరుపట్టీ వంటి చిన్న అంశాలు ఆ మార్పును పూర్తిగా నెరవేరనీయడం లేదు.
- కాబట్టి నమూనా స్థలాల విమర్శ రూపసాదృశ్యంతో ఆగక, అక్కడ ఎవరు ఎవరితో, ఏ షరతులపై కూర్చుంటున్నారో పరిశీలించాలి. పల్లె జీవితాన్ని బొమ్మలుగా నిలిపిన హైదరాబాదు శిల్పారామం వంటి స్థలాల అధ్యయనానికి కూడా ఈ ప్రమాణం ఉపకరిస్తుంది.