గడప దాటే పద్ధతి

ఉగాది మరుసటి రోజు ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకలు విసురుకునే వేడుక, పిడకల సమరం. అది చూడ్డానికి ఊరికి వచ్చిన చుట్టాల్లో అరెస్టు వారెంటు ఉన్న మనిషొకడు బంధువుల ఇంట్లో తలదాచుకున్నాడని ఎస్సైకి కబురందింది అనుకుందాం. ఇల్లు అతనిది కాదు. ఇంటివాళ్ళ మీద ఏ కేసూ లేదు. మరి పోలీసులు ఆ గడప ఎలా దాటాలి?

జవాబు భారతీయ నాగరిక సురక్షా సంహిత 44వ సెక్షన్‌లో ఉంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మూడు సెక్షన్లుగా ఉన్నదాన్ని 1973 కోడ్ 47వ సెక్షన్‌గా కలిపింది. ఆ కోడ్ స్థానంలో సంహిత వచ్చాక, 2024 జులై 1 నుంచి అదే కొత్త నంబరుతో అమల్లో ఉంది. ఇచ్చిన ప్రతి అధికారానికీ పక్కనే ఒక బాధ్యతను జోడించిన పనితనం దీనిది.

మనిషి లోపల ఉన్నాడని నమ్మడానికి కారణం ఉండాలి. అది లేకపోతే సెక్షన్ మొదలే కాదు. కారణం ఉంటే, అడిగినప్పుడు లోనికి రానివ్వడం, వెతకడానికి సహకరించడం ఇంటివాళ్ళ వంతు. వాళ్ళు కాదంటేనే తలుపు పగలగొట్టే మాట వస్తుంది. అప్పుడైనా పోలీసు ముందు తన అధికారమేమిటో, ఎందుకొచ్చాడో చెప్పాలి, తలుపు తీయమని అడగాలి. చేతిలో వారెంటు లేకపోతే, అది తెచ్చేలోపు మనిషి తప్పించుకునే పరిస్థితి ఉండాలి. లోపలి గదిలో ఘోషా పాటించే స్త్రీ ఉంటే, అరెస్టు చేయాల్సింది ఆమెను కాకపోతే, బయటికి వెళ్ళవచ్చని చెప్పి, వెళ్ళే వీలు కల్పించాకే ఆ గదిలోకి పోవాలి. చివరి క్లాజులో పోలీసుల సంగతి ఉంది: లోపలికి వెళ్ళినవాళ్ళను బంధిస్తే, విడిపించడానికి తలుపు పగలగొట్టవచ్చు. రాసినవాళ్ళు ఇంటి ఆడవాళ్ళనూ తలుచుకున్నారు, కానిస్టేబుల్‌నూ తలుచుకున్నారు.

చట్టం అండ లేకుండా తలుపు తడితే ఏమవుతుందో ఖరక్ సింగ్ కేసు చూపిస్తుంది. 1941లో బందిపోటు దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఆయన, ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రుళ్ళు తలుపు బాది నిద్ర లేపుతున్నారని సుప్రీంకోర్టుకెళ్ళారు. పోలీసులు చూపిన ఆధారం శాఖ నిబంధన ఒక్కటే. 1962లో మెజారిటీ న్యాయమూర్తులు రాత్రి తనిఖీలను మాత్రమే కొట్టేశారు. వారితో విభేదించిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదన్నారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్నారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో గుంటూరులోని ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఆయన చెప్పిన ఆ గోప్యతనే 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రాథమిక హక్కుగా ఖాయం చేసింది.

అందుకే తెల్లవారుజామున పేటను చుట్టుముట్టి ఇంటింటినీ సోదా చేసే కార్డన్ సెర్చ్‌లను ఒప్పుకోలేను. 44వ సెక్షన్ ఒక మనిషి గురించి, అతనున్న చోటు గురించి మాట్లాడుతుంది. వీధంతటినీ అనుమానించమని ఎక్కడా చెప్పదు. పరారీలో ఉన్నవాణ్ణి పట్టుకోవాల్సిందే. పట్టుకునే దారి ఇంత వివరంగా రాసిపెట్టి ఉంది కనుక, కొత్తగా చేరిన ప్రతి కానిస్టేబుల్ చేతా ఈ సెక్షన్‌ను తెలుగులో, పైకి చదివించాలి.